సీతాఫలపు గింజతో మొదలగు పాఠము

దసరా సెలవులు ముగిసి ఓరుగల్లున బడులు మరల తెరచునప్పటికి, బతుకమ్మకై తంగేడు, గునుగు ఏరితెచ్చిన చిన్నిచేతులకు వేరొక పని సిద్ధముగ నుండును. గుట్టల మీద ఎవరును నాటకయే పెరిగిన చెట్ల సీతాఫలములు గంపల కొలది హనుమకొండ, కాజీపేట వీధులకు వచ్చు కాలమది. పసివాండ్రకు ప్రకృతిపాఠము చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఇంతకన్న సులభమును సమృద్ధమునైన సాధనము దొరకదు.

పండును చేతికిచ్చి, తినుటకు ముందు దాని పైభాగమును తడవి చూడుమనవలెను. కండ్ల నడిమి సందులు వెడల్పయి పసుపు చాయ తిరిగినచో కాయ పక్వమునకు వచ్చినట్లని గంప దించిన పల్లెపడుచుకు తెలియును, పిల్లలలో పెక్కురకును తెలియును. తెలియనిది వేరొకటి కలదు: మనము ఒక్క పండనుకొనునది నిజమునకు అనేక ఫలముల కూటమి. ఒకే పువ్వునందలి పెక్కు అండాశయములు దేనికది పెరిగి, ఒండొంటితో కలిసిపోయి ఈ గుండ్రని రూపము దాల్చుటచే, పైనున్న కన్నొకటికి లోపల తొన యొకటియు, తొనలో నల్లని నున్నని గింజయు అమరును. అయినను కండ్లను, గింజలను వేరువేరుగ లెక్కించి సరిచూచిన పిల్లకు గింజలే తక్కువ తేలును; కొన్ని తొనలు గింజ కట్టక వట్టి గుజ్జుగ మిగిలిపోవును గదా! “మరి దీనికి గింజ ఏది సార్?” అని పిల్ల అడుగువరకు ఉపాధ్యాయుడు ఓపిక పట్టవలెను. ముందే చెప్పివేసినచో ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు.

సీతాఫలముతోపాటు ఇతర ఫలముల గింజలను సైతము చూపవచ్చును. జామపండులోని గట్టి గింజలు పక్షులు మ్రింగి దూరమున విడిచినను చెడక మొలకెత్తును. కార్తికమాసపు వనభోజనముల ఉసిరిది ఇంకను వింత: గుజ్జు తీసి టెంకను ఎండబెట్టినచో, మూడు గదులలో రెండేసి చొప్పున దాగిన గింజలు టెంక చిట్లి ఎగిరిపడును. ఆ చిటుకు శబ్దమును విన్న పిల్లలు మరియొక టెంకకై వెదుకకుందురా!

ఒక్క జాగ్రత్త కలదు. సీతాఫలపు గింజలను నూరనీయరాదు. ఆ పొడి కంటబడినచో తీవ్రమైన బాధ కలుగును. గింజను పగులగొట్టక నానబెట్టి, మట్టి నింపిన డబ్బాలో నాటింపవలెను. చిక్కుడు గింజవలె నాలుగైదు దినములలో అది మొలవదు, నెల దాటినను ఆశ్చర్యము లేదు. నీరు పోయుట మానరాదని పిల్లలకు ముందే చెప్పియుంచవలెను. మొలక నిలిచినచో మూడు నాలుగేండ్లకు కాపు వచ్చును గనుక, ఒకటవ తరగతిలో నాటిన పిల్ల ఐదవ తరగతి దాటకమునుపే తన చెట్టు కాయను కోసికొనగలదు.