మారియో కార్ట్: మనవళ్ల పక్కన కూర్చుని ఆడదగ్గ బండి పందెం

సెలవులకు ఇంటికొచ్చే మనవలు, మనవరాళ్లు ఈమధ్య వెంట తెచ్చుకుంటున్న వస్తువుల్లో నింటెండో స్విచ్ ఒకటి. దాన్ని టీవీకి తగిలించి చాలామంది పిల్లలు ఆడే ఆట మారియో కార్ట్ 8 డీలక్స్. పిల్లలు ఆ గదిలో, పెద్దలు ఈ గదిలో ఉండిపోతే సెలవులు మాటామంతీ లేకుండానే గడిచిపోతాయి. అందుకే ఈ ఆట సంగతి మన పెద్దలకు తెలిసేలా వివరిస్తున్నాం.

నింటెండో జపాన్‌లోని క్యోటో నగరపు సంస్థ. 1889లో పేకముక్కల తయారీతో మొదలైంది. 1992లో సూపర్ మారియో కార్ట్ తెచ్చింది. అంతకుముందు ఆ సంస్థ చేసిన ఎఫ్-జీరో అనే పందెం ఆట ఒక్కరే ఆడేది. ఒకే తెరను పంచుకుని ఇద్దరు కలిసి ఆడే పందెం చేయాలన్న ఆలోచన నుంచి మారియో కార్ట్ పుట్టింది. అంటే మొదటినుంచీ ఇది పక్కపక్కన కూర్చుని ఆడే ఆటే.

ఇప్పటి మారియో కార్ట్ 8 డీలక్స్ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఇందులో మొదట 48 బాటలుండేవి. 2022, 2023లలో విడతలవారీగా మరో 48 చేర్చారు. వాటికి వేరే డబ్బు కట్టాలి. ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన ఆట ఇది. దీని తరువాతిది మారియో కార్ట్ వరల్డ్. 2025 జూన్‌లో స్విచ్ 2తో పాటు వచ్చింది.

ఆట తీరు

పైకప్పు లేని చిన్న బండి కార్ట్. పందెంలో 12 బండ్లుంటాయి. సాధారణంగా మూడు చుట్లు తిరగాలి. దారిలో ప్రశ్న గుర్తున్న పెట్టెలను తాకితే ఏదో ఒక వస్తువు దొరుకుతుంది. అరటి తొక్క వెనక్కి వదిలితే దానిమీదికొచ్చిన బండి గిర్రున తిరుగుతుంది. ఆకుపచ్చ తాబేటి చిప్ప తిన్నగా పోతుంది, ఎర్రది ముందున్నవాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. పుట్టగొడుగు బండికి ఊపునిస్తుంది.

వెనకబడినవారికి బలమైన వస్తువులు, ముందున్నవారికి తొక్కలు, నాణేల వంటివి ఎక్కువగా దొరకడం ఈ ఆటలోని కిటుకు. నీలి చిప్ప మొదటి స్థానంలో ఉన్నవాణ్ణే వెతికి కొడుతుంది. వైకుంఠపాళిలో పైగళ్లకు చేరాక నోరు తెరుచుకుని ఉండే పెద్దపాము గుర్తుందా? ఇదీ అలాంటిదే. కాబట్టి ఆటలో ఆరితేరిన మనవడు ఓడిపోవచ్చు, కొత్తగా ఆడే తాతయ్య పైకి రావచ్చు.

పెద్దలు మొదలుపెట్టేదెలా?

స్కూటర్లకు చెప్పినట్టే ఇందులోనూ వేగాన్ని సీసీల్లో చెబుతారు. 50 సీసీ నెమ్మది, 200 సీసీ మహా వేగం. మొదట 50తో సరిపెట్టుకోవాలి. స్మార్ట్ స్టీరింగ్ పెట్టుకుంటే బండి బాట అంచు దాటి పడిపోదు. ఆటో యాక్సిలరేట్ పెడితే బటన్ నొక్కి ఉంచకుండానే బండి నడుస్తుంది, వేళ్ల నొప్పులున్నవారికి ఇది మేలు. బండిని ఎంచుకునే చోట ప్లస్ బటన్ నొక్కితే ఈ రెండూ కనిపిస్తాయి.

మామూలు స్విచ్‌తో వచ్చే రెండు చిన్న కంట్రోలర్లను విడదీసి చెరొకటి పట్టుకోవచ్చు. మరో రెండుంటే ఒకే టీవీపై నలుగురు ఆడొచ్చు. ఇందుకు ఇంటర్నెట్ అక్కర్లేదు. స్విచ్ లైట్ అనే చిన్న రకం మాత్రం టీవీకి తగలదు, కొనేటప్పుడు చూసుకోవాలి. ఎంతసేపు ఆడాలో పెద్దలు ఫోన్ నుంచే హద్దు పెట్టే ఏర్పాటు కూడా ఉంది.

ఇక మన భాష సంగతి

ఈ ఆటలో తెలుగు లేదు. తెరమీద లేకపోయినా గదిలో ఉండొచ్చు కదా! మన పిల్లలకు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, దానికి తోడు ఇంగ్లిషు. "ఎడమ" అంటే ఏ పక్కో తడుముకునే పిల్లలు మన ఇళ్లలో ఎందరో. ఆటలోనైతే "కుడికి తిప్పు", "తొక్క చూసుకో", "మలుపొస్తోంది", "నువ్వు ఏడోవాడివి" అనే మాటలు వాటంతటవే వస్తాయి. ఒకటో స్థానం నుంచి పన్నెండో స్థానం దాకా లెక్క కూడా తెలుగులోనే సాగుతుంది. పుస్తకం ముందు కూర్చోని పిల్లవాడు ఇక్కడ అడిగి మరీ మాట నేర్చుకుంటాడు.

ఆట కోసం స్విచ్ కొనమని మేము చెప్పడం లేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే రోజుకు నాలుగు పందేలు పిల్లలతో ఆడండి. ఓడినా ఫరవాలేదు, ఆడినంతసేపూ తెలుగులో మాట్లాడండి.