ఇంటిలో నుద్యోగము – ఇల్లాలికొక బల్ల

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడగా, మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయముల పని మన దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ఇండ్లలోనికి వచ్చినది. పెక్కిండ్లలో పురుషునకు తలుపుగల పడకగది దొరకినది; స్త్రీకి భోజనపు బల్ల మిగిలినది. ఒక చెవి అధికారి మాటకు, రెండవది కుక్కరు కూతకు నొగ్గి యామె పనిచేసినది.

2018 సెప్టెంబరులో ఎల్.బి.నగరునకు మెట్రోరైలు వచ్చినను, పడమటి కార్యాలయములకు పోవువారు అమీరుపేటలో బండి మారవలసినదే. కావున నింట పనిచేయు వీలు నేటికిని పలువురు స్త్రీలకు మేలే.

ఇల్లు కట్టువారు ప్లానులోనే దీనికి చోటు విడువవలెనని మా మనవి. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలును. అది వంటింటికి దూరముగ నుండవలెను. కంప్యూటరు తెరపై వెలుగు పడకుండ కిటికీ ప్రక్కవైపున నుండవలెను. బల్ల యెత్తు రెండున్నర అడుగులు. చెంతనే ఇన్వర్టరుతో కలిపిన ప్లగ్గు. అన్నిటికంటె ముఖ్యము, మూయుటకొక తలుపు. అద్దె యింటివారు హాలు మూలను బీరువా నడ్డుపెట్టి చోటు కల్పించుకొనవచ్చును.

పూజకును, అతిథులకును గది యున్న యింట, సంపాదించు నిల్లాలికి జానెడు చోటు లేకుండుట న్యాయమా? గోడలు లేచిన పిమ్మట వగచుటకంటె, ప్లాను గీయునాడే యడుగుదము.