డిజిటల్ యుగమున గ్రంథపఠనము: భిలాయి తెలుగువారి సమస్య

గ్రంథము నిలుచునా, నశించునా యని నేడు పలువురు వాదించుచున్నారు. తెలుగునాటికి వెలుపలనున్న తెలుగువారిని తలచినపుడు ఈ ప్రశ్న రూపు మారును. గ్రంథము నిలిచినను దానిని చదువగలవాడు నిలుచునా?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి భిలాయిని దృష్టాంతముగా గ్రహింతము. సోవియట్ సహకారముతో నిర్మింపబడిన అచటి ఉక్కు కర్మాగారమున తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యెను. దేశపు నలుమూలలనుండి వచ్చినవారితోపాటు తెలుగు కుటుంబములును అచట స్థిరపడినవి. ఆనాడు వారు తెలుగు పుస్తకమును స్వగ్రామమునకు పోయినపుడు తెచ్చుకొనవలెను, లేదా తపాలాలో తెప్పించుకొనవలెను.

పుస్తకమును పాఠకుని చెంతకు కొనిపోవుట మనకు క్రొత్త గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. నేడు ఆ పడవ పనిని అంతర్జాలము చేయుచున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున వేలకొలది తెలుగు గ్రంథముల పుటలు ఛాయారూపమున భద్రపరుపబడినవి. వానిలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునందు లభించుచున్నవి. చేతిలో ఫోనుగల భిలాయి పాఠకునికి మద్రాసులో ఏనాడో అచ్చయిన పుస్తకము క్షణములో చేరును.

అయినను రెండు అడ్డంకులు మిగిలినవి. పుటయొక్క ఛాయలో పదమును వెదుకుట సాధ్యము గాదు. అక్షరమును పెద్దది చేసినచో పంక్తి తెర దాటిపోవును. యంత్రము గుర్తించిన అక్షరములను మనుష్యులు సరిదిద్దినగాని అది పాఠము కాదు. తెలుగు వికీసోర్సున ఔత్సాహికులు చేయుచున్న పని యిదియే.

రెండవ అడ్డంకి మరింత గడ్డుది. అచట పుట్టి, హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకొనిన పిల్లలకు తెలుగు ఇంటిమాటగా వచ్చును, లిపి రాదు. లక్ష గ్రంథములు అందినను వారికి అవి మూసిన తలుపులే. శ్రవ్యగ్రంథము కథను వినిపించును గాని అక్షరమును నేర్పదు.

కావున ధ్వనిని, లిపిని జంటగా నందింపవలెను. వినబడుచున్న వాక్యము తెరపై వెలుగుచున్నచో, ఎరిగిన మాటయే ఎరుగని అక్షరమునకు ఆనవాలగును. రచయితలు ఇందుకు చేయదగినది కలదు. తమ రచనలను 1991లోనే తెలుగు లిపికి చోటిచ్చిన యూనికోడ్‌లో పాఠముగా భద్రపరుపవలెను. వీలైనచో స్వయముగా చదివి రికార్డు చేయవలెను. పునర్ముద్రణానుమతిని స్పష్టముగా వ్రాసియుంచవలెను. మన దేశమున రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములు గ్రంథస్వామ్యము నిలుచును. అనుమతి నీయవలసిన వారసు లెవరో తెలియనిచో, ఆ గ్రంథము అంగడిలోను అంతర్జాలములోను గూడ కానరాకపోవచ్చును.

పడవ సిద్ధముగా నున్నది. ఒడ్డున చదువరిని నిలుపుకొనుట మన వంతు.