మిమ్మల్ని కనిపెట్టే దీపం

రాత్రివేళ ఏదో అపార్టుమెంటు మెట్లెక్కుతున్నారనుకోండి. చుట్టూ చిమ్మచీకటి. స్విచ్చి ఎక్కడుందో తెలియదు. గోడ తడుముదామని చెయ్యి చాచేలోగా దీపం దానంతటదే వెలుగుతుంది! మీరు దాటి వెళ్ళిన కాసేపటికి ఆరిపోతుంది. మీరు వచ్చిన సంగతి దానికెవరు చెప్పారు?

మీరే చెప్పారు! నోటితో కాదు, ఒంటి వేడితో.

వెచ్చని వస్తువులన్నీ కంటికి కనిపించని కిరణాలను వెదజల్లుతూ ఉంటాయి. వీటిని పరారుణ కిరణాలంటారు. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఏ రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలిచాడు. ఎరుపు రంగుకు అవతల, వెలుగేమీ కనిపించని చోట పెట్టిన థర్మామీటరు అన్నిటికన్నా ఎక్కువ వేడి చూపింది! అలా ఈ కిరణాలు బయటపడ్డాయి. మన ఒంటి నుంచి వెలువడేవి ముఖ్యంగా 10 మైక్రాన్లకు అటూ ఇటూ తరంగదైర్ఘ్యం గలవి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంటే మనమూ చీకట్లో వెలిగే దీపాలమే! ఆ వెలుగును చూసే కన్ను మాత్రం మనకు లేదు.

ఆ కన్ను దీపం దగ్గరుండే చిన్న తెల్లని బుడిపెలో ఉంది. దాని కథ ఒక రాయితో మొదలయింది. 18వ శతాబ్దం తొలిరోజుల్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి యూరపుకు టుర్మలీన్ అనే రాయిని తీసుకుపోయారు. దాన్ని వేడిచేస్తే బూడిదను తనవైపు లాక్కునేది! కారణమేమిటంటే, వేడి హెచ్చినా తగ్గినా ఆ స్ఫటికం కొనల మీద విద్యుదావేశం పుడుతుంది. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి పైరోవిద్యుత్తు అని పేరు పెట్టాడు. ఇలాంటి గుణమే ఉన్న కృత్రిమ పదార్థాలను ఇప్పుడు వాడుతున్నారు.

బుడిపెలో అలాంటి ముక్కలు రెండు ఉంటాయి. వాటిని ఎదురుబొదురుగా కలుపుతారు. గది మొత్తం వేడెక్కితే రెండింటిలో పుట్టిన విద్యుత్తు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. మీరు నడిచినప్పుడు మాత్రం మీ వేడి ముందు ఒక ముక్క మీద, తర్వాత రెండోదాని మీద పడుతుంది. వెంటనే దీపం వెలుగుతుంది. తెల్లని మూత ఉత్త మూత కాదు. దీపస్తంభాల కోసం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ రూపొందించిన పలుచని కటకాల వంటివి అందులో ఎన్నో ఉంటాయి. దాన్ని గాజుతో కాక ఒక రకం పాలిథీన్‌తో చేస్తారు. మామూలు గాజు ఈ కిరణాలను సాగనివ్వదు మరి!

ఇక్కడొక కిటుకుంది. ఈ కన్ను మనిషిని చూడదు, వేడిలో మార్పును చూస్తుంది. కదలకుండా కూర్చుని చదువుకుంటుంటే దీపం ఆరిపోతుంది. రోళ్ళు పగిలే రోహిణీకార్తెలో గోడలు కూడా మన ఒంటి అంత వేడెక్కితే, ఏది గోడో ఎవరు మనిషో తేల్చుకోలేక తికమకపడుతుంది.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. స్నానాలగదిలో తాతగారు జారిపడి కదలలేకుండా ఉన్నారనుకోండి. దీపం ఆరిపోతుంది. దాని లెక్కలో గది ఖాళీ!

ఈ లోపం తీర్చడానికి రాడార్ కళ్ళు వచ్చాయి. ఇవి రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటిలో తేడాను చూస్తాయి. ఊపిరికి మన రొమ్ము కొద్ది మిల్లీమీటర్లు కదిలినా పసిగడతాయి. మేలే! అయితే మీరు ఎప్పుడు నిద్రపోయారో, ఇంట్లో ఎవరూ లేనిదెప్పుడో కూడా వాటికి తెలుస్తుంది. ఇంటి తాళంచెవిని ఎవరికి పడితే వారికి ఇవ్వం కదా! ఈ సమాచారం కూడా తాళంచెవి లాంటిదే. ఇలాంటి పరికరం కొనేటప్పుడు అది తెలుసుకున్నది ఇంట్లోనే ఉంటుందా, బయటికి పోతుందా అని అడగమని పెద్దలకు చెప్పండి.

చివరగా ఒక ప్రయోగం. ఇలాంటి దీపం మీకు దొరికితే, రాత్రిపూట ముందు దానికి అడ్డంగా నడవండి. దీపం ఆరాక, ఈసారి తిన్నగా దానివైపే నడవండి. ఎప్పుడు త్వరగా వెలిగింది? ఎందుకు? ఆ రెండు ముక్కలను గుర్తు చేసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.