పుట్టీ పుట్టగానే బిడ్డ గుండె చప్పుడు ఎందుకు లెక్కపెడతారు?

నెలలు నిండాయి, నొప్పులు వచ్చాయి, కాన్పు అయింది. గది బయట తండ్రి, అత్తగారు, అమ్మమ్మ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. బిడ్డ కేరుమంటే అందరికీ ప్రాణం లేచివస్తుంది. ఏడుపు వినబడకపోతే? "పాపం, చచ్చి పుట్టిందట" అనే మాట ఎంతో త్వరగా వచ్చేస్తుంది.

తొందరపడకండి. ఏడవని బిడ్డంటే చనిపోయిన బిడ్డ అని కాదు. ఇంకా ఊపిరి అందుకోని బిడ్డకు కూడా లోపల గుండె కొట్టుకుంటూ ఉండవచ్చు. ఆ చప్పుడు ఉందా, ఎంత వేగంగా ఉంది అన్నది తెలిస్తే చాలాసార్లు బిడ్డను దక్కించుకోవచ్చు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ప్రాణవాయువు బొడ్డుతాడు ద్వారా తల్లి రక్తం నుండి అందుతుంది. పుట్టాక ఆ పని బిడ్డ ఊపిరితిత్తులది. అవి గాలితో నిండితే గుండె చురుగ్గా కొట్టుకుంటుంది. నిండకపోతే నెమ్మదిస్తుంది. పెద్దవాళ్లలో తరచు గుండె ముందు దెబ్బతింటుంది. పసిబిడ్డల్లో చాలావరకు ముందు ఆగేది ఊపిరే. కాబట్టి వాళ్లకు మొదటి మందు గాలి.

బిడ్డ గుండె నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటూ, ఊపిరి బాగా తీసుకుంటూ ఉంటే మంచిదే. తుడిచి, వీపు రుద్దినా ఊపిరి రాకపోతే, లేక గుండె వేగం 100కు తక్కువ ఉంటే, చిన్న మాస్కు ముఖానికి ఆనించి సంచితో గాలి ఊదాలి. ఇది మొదటి నిమిషం లోపల మొదలు కావాలి. గాలి సరిగా వెళుతున్నా వేగం 60కి తక్కువే ఉంటే రొమ్ము మీద బొటనవేళ్లతో నొక్కుతారు. గాలి ఊదిన తరువాత బిడ్డ కోలుకుంటున్నదని తెలిపే మొదటి మంచి గుర్తు గుండె వేగం పెరగడమే.

మరి నిమిషమంతా లెక్కపెడుతూ కూర్చుంటే ఎట్లా? అందుకు సులువైన పద్ధతి ఉంది. నర్సమ్మ స్టెతస్కోపును బిడ్డ ఎడమ రొమ్ము మీద ఆనించి 6 సెకన్లు వింటుంది. ఆ లెక్కను 10తో హెచ్చవేస్తుంది. 12 వినబడితే నిమిషానికి 120 అన్నమాట. వింటూ వింటూ వేలితో బల్ల మీద తాళం వేస్తే పక్కనున్నవారికీ వేగం తెలుస్తుంది. బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్లతో పట్టుకుని కూడా నాడి చూస్తారు. కాని గుండె కొట్టుకుంటున్నా వేళ్లకు తెలియకపోవచ్చు, తక్కువగా అనిపించవచ్చు. వేళ్లకు తగలలేదని ఆశ వదలకూడదు, గొట్టం పెట్టి వినాలి.

కరోనా రోజుల్లో, 2020, 2021 సంవత్సరాల్లో, వేలికి తగిలించే ఆక్సీమీటరు మీలో చాలామంది చూసే ఉంటారు. బిడ్డకైతే మెత్తని పట్టీలాంటిది కుడి చేతికి చుడతారు. అంకె కనబడడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు. ఇంకో మాట. ఆక్సిజన్ అంకె మొదటి నిమిషంలో 60 దగ్గరే చూపిస్తే గాభరాపడవద్దు. పుట్టిన బిడ్డకు అది మామూలే, పది నిమిషాలకు 85 దాటుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో రొమ్ము మీద మూడు బిళ్లలు అంటించి ఇ.సి.జి. కూడా చూస్తారు. అన్నిటికన్నా త్వరగా, సరిగా వేగం చూపేది అదే. యంత్రం లేనిచోట చెవి, గడియారం ఉన్నా పని జరుగుతుంది. చేతులు కట్టుకుని కూర్చోవడానికి యంత్రం లేదన్నది సాకు కాదు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద "ఎప్గార్ 8, 9" వంటి అంకెలు కనబడవచ్చు. 1952లో వర్జీనియా ఎప్గార్ అనే అమెరికా డాక్టరమ్మ ఈ లెక్క పెట్టింది. గుండె వేగం, ఊపిరి, ఒంటి రంగు, కాళ్లూచేతుల కదలిక, ముట్టుకుంటే ముఖం చిట్లించడం - ఒక్కొక్కదానికి రెండేసి మార్కులు. ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో వేస్తారు. ఇవి బిడ్డ తెలివికి వేసిన మార్కులు కావు సుమా!

తలకిందులుగా పట్టి చరచడం, చన్నీళ్లు చల్లడం, చెవి దగ్గర పళ్లెం మోగించడం వద్దు. వీటివల్ల బిడ్డ చల్లబడుతుంది, విలువైన నిమిషం పోతుంది. దారిలో, ఆటోలో కాన్పు అయిపోతే పొడిగుడ్డతో తుడిచి, వీపు రుద్ది, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేట్టు పడుకోబెట్టి కప్పండి. 108కి ఫోను చేయండి.

ఏడో నెలలోనే మీరిద్దరూ కలిసి వెళ్లి కాన్పు చేయించుకునే చోట అడగండి: "బిడ్డకు గాలి ఊదే సంచి, చిన్న మాస్కు ఉన్నాయా? రాత్రిపూట అది వాడడం వచ్చినవారు ఉంటారా?" ఇట్లా అడగడం తప్పు కాదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు, జబ్బుపడిన పసిబిడ్డ వైద్యానికి డబ్బు కట్టనక్కరలేదు.

ఇంటికి వచ్చాక బిడ్డ గుండె దడదడమంటోందని కొందరు తల్లులు భయపడతారు. మనకు నిమిషానికి 70, 80 సార్లు కొట్టుకుంటే పసిబిడ్డకు 120 నుండి 160 దాకా మామూలే. నిద్రలో తగ్గుతుంది, ఏడిస్తే ఇంకా పెరుగుతుంది. పెదవులు, నాలుక నీలంగా మారినా, పాలు పట్టకపోయినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఎగ ఊపిరి తీసినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోండి.