మిరప కోతల్లో పదో తరగతి

మా పల్నాడులో మిరప కోతలూ పదో తరగతి పరీక్షలూ ఒకే కాలంలో వస్తాయి. సంక్రాంతి వెళ్లగానే తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పరీక్షకు తయారు చేయడమంటే నాకు ముందు పిల్లని చేను గట్టు నుంచి బడికి తెచ్చుకోవడమే. స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్ అన్నీ ఆ తర్వాతే.

ఒక ఏడు ఒక అమ్మాయి పది రోజులు రాలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కాయలు కోసి చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటోంది. "కూలోళ్లు దొరకట్లేదు మేడం, ఈ ఒక్క వారం వదిలెయ్యండి" అంది వాళ్లమ్మ. ఆవిడ చెప్పిందీ నిజమే. "ఆదివారం నీకు, మిగతా ఆరు రోజులు నాకు" అన్నాను. ఒప్పుకుంది.

ఆ పిల్ల స్లిప్ టెస్టు పేపరు ఇస్తే అందులో ప్రశ్నలే తిరిగి రాసి ఉండేవి. చదవలేదనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుంటే అసలు సంగతి తెలిసింది: మూడులోంచి అయిదు తీసేయమంటే రెండు అంటోంది. మైనస్ గుర్తు దగ్గర ఆగిపోయిన పిల్లకి వర్గ సమీకరణం ఎక్కడ ఎక్కుతుంది? రెండు వారాలు పదో తరగతి పుస్తకం మూసేసి సంఖ్యారేఖ మీదే నడిపించాను. ఆ రెండు వారాలూ వృథా అన్న తోటి టీచర్లున్నారు. నేను ఒప్పుకోను. పునాది లేకపోతే ఏమవుతుందో చూశాం: కోవిడ్ వల్ల 2020లో, 2021లో పరీక్షలు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం ఉన్న ఉత్తీర్ణత 2022లో 67.26కి పడిపోయింది. అంతర్గత మార్కులు తీసేయడం కూడా ఒక కారణం కావచ్చు. కానీ బడి సరిగ్గా నడవని ఆ రెండేళ్లలో పోయిన పునాది ఆ పేపర్లలో కనిపించింది.

లెక్కల పేపరు 100 మార్కులు, 33 ప్రశ్నలు. సమయం 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు పేపరు చదువుకోడానికే. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. గట్టెక్కడానికి 35 కావాలి, హిందీకైతే 20 చాలు. వెనకబడిన పిల్లకి నేను వంద చూపించను. ఒక మార్కు ప్రశ్నలు, సూత్రాలు, ఒక గ్రాఫు చూపిస్తాను. ఆ అమ్మాయి చేత నెల రోజులు రోజుకో గ్రాఫు గీయించాను. పట్టిక వేసేది, బిందువులు సరిగ్గా పెట్టేది, స్కేలు రాయడం మాత్రం మరిచేది.

'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' కాగితాల మీద నాకు నమ్మకం లేదు. అవి బట్టీ పట్టిన పిల్ల అంకెలు మారిస్తే చేతులెత్తేస్తుంది. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినప్పుడు చూస్తుంటాను: జవాబు తప్పినా సూత్రం రాసి విలువలు వేసినవాళ్లకి కొన్ని మార్కులు పడతాయి. ఖాళీ పేజీకి ఏమి వెయ్యగలం? అందుకే మా పిల్లల చేత రోజూ రాయిస్తాను.

బాగా చదివేవాళ్ల గురించి తల్లిదండ్రులకి ఒక్క మాట. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కులతోనే వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకి వెనకబాటు కింద 4 శాతం 'డిప్రివేషన్ స్కోరు' కలుపుతారు. ఇది తెలియక అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

పది రోజులు బడికి రాని ఆ అమ్మాయి చివరికి లెక్కల్లో 41 తెచ్చుకుంది. వాళ్లమ్మ మార్కుల మెమో పట్టుకొచ్చి, ఏ అంకె దేనిదో చూపించమని నన్నే అడిగింది.

ఈ ఏడూ పండగ వెళ్లింది. నాలుగు బెంచీలు ఖాళీ. ఇవాళ సాయంత్రం మొదట చెరువు కట్ట పక్కనున్న ఇంటికి వెళ్లాలి. ఆ ఇంటి పిల్లాడి నాన్న ఏడు గంటలు దాటితే గానీ చేను నుంచి రాడు.