మాయా శిల్పములలో నేత పని

బెంగుళూరులో వుండే మన నేతగాండ్రలో లేపాక్షి చూడనివారు తక్కువ. అక్కడి లతామండపపు స్తంభములపై వున్న లతలు, గళ్ళు, పువ్వులు మనవారు చీర అంచులలోనికి దించుకొన్నవే. ఆనాటి చీరలను మనము తాకి చూడలేము గాని, పదహారవ శతాబ్దపు శిల్పి, చిత్రకారుడు చూపిన అంచులు నేటికీ కంటికి ఆనుతున్నవి.

సరిగా యిట్టిదే మెక్సికో, గ్వాటెమాలా దేశములలోని ప్రాచీన మాయా జాతివారి విషయములోను జరిగినది. తేమ అడవులలో వారి నూలు బట్ట కుళ్ళిపోయినది. దాని రూపము రాతిలోను, గోడ చిత్రములలోను, మట్టి బొమ్మలలోను మిగిలినది.

లండను బ్రిటిష్ మ్యూజియములో యాష్చిలాన్ నగరపు ద్వారబంధము పైరాయి ఒకటి వున్నది. క్రీ.శ. 709 నాటి క్రతువు దానిపై చెక్కబడినది. రాజు కాగడా పట్టి నిలిచివున్నాడు. రాణి మోకరిల్లి, ముండ్ల త్రాడును నాలుక గుండా లాగి రక్తము అర్పిస్తున్నది. చూచేవారి కన్ను ఆ నాలుక మీదికే పోతుంది. నేతపనివారమైన మనము చూడవలసినది ఆమె బట్ట. ఒళ్ళంతా వజ్రాకారపు గళ్ళు, ప్రతి గడిలోను పని, చుట్టూ అంచు, క్రింద కుచ్చులు. మగ్గము ప్రక్కన కూర్చుండి చూచినవాడు గాని అట్లు చెక్కలేడని మా అభిప్రాయము. రాతిపై రాజు పేరు, రాణి పేరు, తేదీ వున్నవి. బట్ట నేసినవారి పేరు లేదు.

ఆ మగ్గము ఎట్టిదో హైనా దీవిలో దొరికిన మట్టి బొమ్మలు చెబుతున్నవి. మనవలె గుంట లేదు, చట్రము లేదు. రెండు కర్రల నడుమ పడుగు. ఒక కర్రను చెట్టుకు కట్టి, రెండవదానిని నేసే స్త్రీ నడుముకు పట్టీతో తగిలించుకొంటుంది. వెనుకకు వాలితే పడుగు బిగియును, ముందుకు వంగితే వదులగును. నాగాలాండు, మణిపూరులలో నేటికీ యిట్టి మగ్గములు వున్నవి. చేతులు అందినంతే పన్నా గనుక, పెద్ద బట్ట కావలెనంటే రెండు మూడు పన్నాలు కలిపి కుట్టవలసినదే. పువ్వు వేయుటకు అదనపు పేకను వ్రేళ్ళతో చొప్పిస్తారు. మన ఉప్పాడ జాందానీవారికి యిది విడమరచి చెప్పనక్కరలేదు. రాట్నము వారికి లేదు. మట్టి బిళ్ళ గ్రుచ్చిన కదురును త్రిప్పి నూలు తీసేవారు.

ఇంకొక మాట. నేడు మన దేశములో పండే ప్రత్తిలో అత్యధిక భాగము మెక్సికో ప్రాంతమున పుట్టిన జాతిదే. అనగా ఆ రాణి బట్టలోని నూలుకును, మన మగ్గముపై పడుగుకును చుట్టరికము వున్నది!

నడుము మగ్గముపై నేసే మాయా స్త్రీలు గ్వాటెమాలాలో నేటికీ వేలకొలది వున్నారు. వారి పువ్వులను మిల్లులు కాపీ చేసి చౌకగా అమ్ముట వారి గోడు. 2016లో వారు తమ డిజైన్లపై సమష్టి హక్కు కోరుతూ రాజ్యాంగ న్యాయస్థానమునకు వెళ్ళారు. తగిన చట్టము చేయవలసినదని 2017లో న్యాయస్థానము శాసనసభకు సూచించినది. మనకు 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము వున్నది. 2005 నాటికే పోచంపల్లి ఆ రక్షణ పొందినది. అయితే ఆ చట్టము కాపాడేది ముఖ్యముగా వూరి పేరునే. పేరు వాడకుండ పువ్వును మాత్రమే ఎత్తుకొనిపోయేవానితో పేచీ అట్లే వున్నది.

లేపాక్షి వెళ్ళే సభ్యులు అక్కడి అంచులను గ్రాఫు కాగితముపై గడులు లెక్కించి దించి పంపిన యెడల, దించినవారి పేరుతోనే యీ పత్రికలో ప్రచురించగలము.